ఇంకొకరి నంబరు

మోకాలు రైల్లోనే పట్టేసింది. లాడ్జి మెట్లు ఎక్కి గదిలోకి వచ్చేసరికి టీచరు కాలు మడవలేకపోయింది. మంచం మీద కూర్చుని ప్యాంటు పైకి లాగి చూసుకుంటే చిప్ప చుట్టూ నీరు చేరి, మోకాలు ఉడకబెట్టిన దుంపలా ఉబ్బి ఉంది.

"ఈ కాలితో రేపు ఇరవయ్యొక్క కిలోమీటర్లా?" అన్నాడు కండక్టరు. "దీనికన్నా నా డొక్కు బస్సు నయం తల్లీ. తోస్తే అయినా కదులుతుంది."

ముగ్గురిదీ ఒకే ఊరు. టీచరు హైస్కూల్లో లెక్కలు చెబుతుంది. కండక్టరుకి రిటైర్మెంటు రెండేళ్ళలో ఉంది; ఆడవాళ్ళిద్దరూ ఆయన్ని బాబాయ్ అంటారు. మూడో మనిషి టైలరు. భర్త పోయాక కూడా అత్తగారిని విడిచిపెట్టకుండా ఆమెతోనే ఉంటూ, ముందుగదిలో మిషను పెట్టుకుని బతుకుతోంది. స్కూలు గ్రౌండులో పొద్దున్నే నడుస్తూ పరిచయమైనవాళ్ళు నడక నుంచి పరుగులోకి, పరుగు నుంచి పందేల్లోకి దిగారు. ఏడాదికి మూడుసార్లు రైలెక్కి ఎక్కడో ఒక ఊరు వెళ్ళి పరిగెత్తి రావడం నాలుగేళ్ళుగా వాళ్ళకి అలవాటు. గెలవడానికి కాదు. వచ్చేటప్పుడు రైల్లో ఒకరి కాళ్ళు ఒకరి బెర్తు మీద చాపుకుని కబుర్లు చెప్పుకోవడానికి.

ఎనిమిది నెలలుగా టీచరుతో సమానంగా సాధన చేసిన టైలరు, తీరా పేరు ఇచ్చే రోజున భయపడి పది కిలోమీటర్ల పందేనికే ఇచ్చింది.

"నా నంబరు పెట్టుకుని నువ్వు ఇరవయ్యొకటి పరిగెత్తు," అంది టీచరు, ఛాతీకి గుచ్చుకునే కాగితం ఆమె ముందుకు తోస్తూ.

"వేరేవాళ్ళ నంబరు పెట్టుకోకూడదని రాశారు కదక్కా."

"ఎవరు చూడొచ్చారు? ఊరికే పోతుంది. నీకు సత్తా ఉంది. పది పరిగెత్తి, అయ్యో అనుకుంటూ ఇంటికెళ్తావా?"

టైలరు ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పింది. వెనకవైపు టీచరు పేరు, రక్తం గ్రూపు, భర్త ఫోన్ నంబరు ఉన్నాయి. 'పడని మందులు' అన్నచోట 'ఏమీ లేవు' అని టీచరు చేతిరాత. ఆ మాట మీద ముగ్గురిలో ఎవరి చూపూ ఆగలేదు.

మర్నాడు తెల్లవారుతుండగా పరుగు మొదలైంది. టీచరు కుంటుకుంటూ వెళ్ళి ముగింపు గీత దగ్గర కడ్డీల పక్కన, ముగ్గురి సంచులూ ముందు పెట్టుకుని కూర్చుంది. రెండు గంటల ఇరవై నిమిషాలకి కండక్టరు వచ్చాడు, ఉప్పు తేలిన మొహంతో రొప్పుతూ.

"అదేది?" అన్నాడు రాగానే.

"మీ వెనక లేదా?"

"వెనకేంటి? పది దాటగానే నన్ను వదిలేసి వెళ్ళింది. జింకపిల్లలా పోయింది. ఈపాటికి ఇక్కడ కూర్చుని నన్ను వెక్కిరిస్తూ ఉండాలి."

టీచరు ఫోన్ తీసి, పందెం వాళ్ళ వెబ్‌సైటులో తన పరుగు నంబరు కొట్టి చూసింది. పద్నాలుగో కిలోమీటరు దాకా సమయాలు పడ్డాయి. ఆ తర్వాత ఖాళీ. టైలరు ఫోన్ చూస్తే సంచిలోనే ఉంది.

ఇద్దరూ సహాయం కోసం పెట్టిన గుడారం దగ్గరికి వెళ్ళారు. బల్ల వెనక ఉన్నామెకి టీచరు టైలరు పేరు చెప్పింది. ఆమె జాబితా చూసి, "పది కిలోమీటర్లలో ఉన్నారు. అసలు బయల్దేరనే లేదు. గదిలో నిద్రపోతున్నారేమో చూడండి," అంది.

కండక్టరు టీచరు వైపు చూశాడు. చెప్పు, అన్నట్టు. టీచరు చెప్పలేదు. నంబరు మార్చుకున్నారని తెలిస్తే రెండేళ్ళు ఏ పందెంలోకీ రానివ్వరు, పాత ఫలితాలు కూడా కొట్టేస్తారు. ఒక్కటీ తప్పకుండా పదకొండు పందేలు పూర్తిచేసింది తను. స్టాఫ్ రూములో అందరికీ పన్నెండోది అని చెప్పి మరీ వచ్చింది.

"దారిలో ఎక్కడైనా కూర్చుందేమో చూద్దాం బాబాయ్," అంది.

చూశారు. ఎదురుగా వచ్చేవాళ్ళని తప్పించుకుంటూ కిలోమీటరు దాకా వెనక్కి నడిచారు. నీళ్ళ బల్లల దగ్గర, మందుల బండి దగ్గర, చెట్ల కింద పడుకున్నవాళ్ళ మొహాల్లోకి వంగి వంగి చూశారు. ఇరవై నిమిషాలు అలా పోయాయి. అప్పుడు టీచరు ఫోన్ మోగింది. భర్త.

"ఎవరు మాట్లాడేది? నువ్వేనా?" ఆయన గొంతు ఆయనది కాదు.

"నేనేనండీ. ఏమైంది?"

అవతల తెగి తెగి ఊపిరి చప్పుడు. ఏడుస్తున్నాడని ఆమెకి ఆలస్యంగా అర్థమైంది.

"నువ్వు స్పృహ లేకుండా అక్కడి పెద్దాసుపత్రిలో ఉన్నావని ఫోన్ చేశారు. నీళ్ళ గ్లాసుల మీద కాలు జారి, తల రోడ్డు పక్క గట్టుకి తగిలిందట. చెయ్యి విరిగిందట. పేరు చదివారు, రక్తం గ్రూపు చదివారు. మీ ఆవిడకి పడని మందులేమైనా ఉన్నాయా అంటే లేవని చెప్పాను. తిరిగి చేస్తుంటే ఎవరూ ఎత్తడం లేదు. నేను బస్టాండులో ఉన్నాను."

రెండేళ్ళ కింద పంటినొప్పికి ఏదో సూది వేస్తే టైలరు గొంతు వాచి ఊపిరాడక చావు దాకా వెళ్ళొచ్చింది. 'ఇంకోసారి ఆ మందు పడితే మనిషి దక్కదు' అన్నారని టైలరే ఎన్నోసార్లు చెప్పింది. మందు పేరు మాత్రం టీచరుకి గుర్తులేదు. చెయ్యి విరిగిన మనిషికి మొదట ఇచ్చేది నొప్పి సూదే.

"బాబాయ్, గుడారానికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పు. ఆసుపత్రికి వాళ్ళచేత ఫోన్ చేయించు. నొప్పి సూది వెయ్యొద్దని చెప్పించు."

కండక్టరు వెనుదిరిగి పరిగెత్తాడు.

ఆమె టైలరు అత్తగారికి ఫోన్ కలిపింది.

"అయిపోయిందా పందెం? మా పిల్ల ఎలా పరిగెత్తింది?" అంది పెద్దావిడ.

"బాగా పరిగెత్తింది పెద్దమ్మా. ఇక్కడేదో ఫారం నింపమంటున్నారు. తనకి పడని సూది పేరేంటి?"

"ఫారానికా? ఉండు, తప్పు చెబితే మళ్ళీ గొడవ. చీటీ బీరువాలో ఉంది. నా కళ్ళజోడు ఎక్కడ పెట్టానో..."

సొరుగులు తీసిన చప్పుడు. చెప్పుల చప్పుడు. ఎక్కడో గిన్నె పడింది. టీచరు గోడకి నుదురు ఆనించి, రెండో చెవి మూసుకుని నిలబడింది. అరవాలనిపించింది. అరిస్తే ముసలి ప్రాణం అక్కడే కూలిపోతుందేమోనని పెదవి కొరుక్కుంది. ఐదు నిమిషాలకి పెద్దావిడ వచ్చి ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివింది. డైక్లోఫెనాక్.

ఆసుపత్రి మూడు కిలోమీటర్లు. పందెం కోసం రోడ్లన్నీ మూసేశారు. ఆటో లేదు, కారు లేదు. టీచరు పరిగెత్తింది. మొదటి అడుగులో మోకాల్లో మేకు దిగినట్టయింది. రెండో అడుగు అలాగే పడింది. ఆ తర్వాత లెక్కపెట్టలేదు. పందెంలో ఆఖరున నడుస్తున్నవాళ్ళు ఆమెని చూసి, తమలో ఒకరనుకుని చప్పట్లు కొట్టారు. ఒకరు నీళ్ళ గ్లాసు అందించబోయారు. ఆమె మందు పేరు పైకే అనుకుంటూ, వాళ్ళని తోసుకుంటూ పోయింది.

క్యాజువాల్టీలో మూడో మంచం మీద టైలరు ఉంది. ఒక నర్సు భుజం తడుతూ, వంగి చెవి దగ్గర పిలుస్తోంది. పిలుస్తున్నది టీచరు పేరు.

"పలకడం లేదు డాక్టర్. పేరు పెట్టి ఎంత పిలిచినా కళ్ళు తెరవడం లేదు."

"అది ఆమె పేరు కాదు," అంది టీచరు తలుపు పట్టుకుని. "ఆ పేరు నాది. ఆమెకి డైక్లోఫెనాక్ పడదు. వెయ్యకండి."

నర్సు చేతిలోని కాగితం చూసింది. "వేసి మూడు నిమిషాలైంది," అంది.

అప్పటికే టైలరు పెదాలు ఉబ్బుతున్నాయి. మెడ మీద ఎర్రటి దద్దుర్లు లేచాయి. ఛాతీలోంచి సన్నటి ఈల లాంటి శబ్దం వస్తోంది. టీచరు తన స్నేహితురాలిని అసలు పేరుతో పిలిచింది. టైలరు కళ్ళు సగం తెరుచుకున్నాయి. అంతలో డాక్టరు, "బయటికి, బయటికి" అన్నాడు. ఎవరో తెర లాగేశారు.

వరండాలో నేల మీద కూర్చుందామె. గంట తర్వాత కండక్టరు వచ్చి పక్కన కూలబడ్డాడు. గుడారం వాళ్ళు ఆరుసార్లు ఫోన్ చేశారట, లైను దొరకలేదట. ఆయన ఎప్పుడూ జోకు లేకుండా రెండు మాటలు మాట్లాడడు. ఆ మాటల్లో మాత్రం జోకు లేదు. మధ్యాహ్నం డాక్టరు వచ్చి, గుండె ఒకసారి ఆగి మళ్ళీ మొదలైందని, గొంతులో గొట్టం వేశామని, మూడు రోజుల దాకా ఏమీ చెప్పలేమని అన్నాడు.

పెద్దావిడ మర్నాడు వచ్చింది, టీచరు భర్త వెంటబెట్టుకుని వస్తే. ఐసీయూ అద్దంలోంచి కోడల్ని చూసి వచ్చి, బెంచీ మీద కూర్చుని కొంగు సర్దుకుంది. టీచరు ఆమె కాళ్ళ దగ్గర కూర్చుని జరిగిందంతా చెప్పింది. ఫారం అబద్ధమని కూడా చెప్పింది.

పెద్దావిడ సంచిలోంచి మందు చీటీ తీసి మడత విప్పింది.

"ఆ మందు పేరు నాకు నోటికొచ్చునే," అంది. "మూడు నెలలు నిద్దట్లో కూడా అదే జపం చేశాను. ఫారం అన్నావు కాబట్టి స్పెల్లింగు తప్పు పోతుందేమోనని చీటీ కోసం లేచాను. ప్రాణం మీదకొచ్చిందని ఒక్క మాట అని ఉంటే అక్కడికక్కడే చెప్పేదాన్ని."

ఐదు నిమిషాలు కళ్ళజోడుకి. ఇరవై నిమిషాలు టీచరు పదకొండు పందేలకి. లెక్కలు చెప్పే మనిషి, కూడకుండా ఉండలేకపోయింది.

నాలుగో రోజు గొట్టం తీశారు. టైలరు బతికింది. కుడిచేతికి మణికట్టు నుంచి మోచేతి దాకా కట్టు. వేళ్ళు మునుపటిలా తిరుగుతాయో లేదో ఆరు నెలలు పోతే గానీ తెలియదన్నారు. గొంతు బొంగురుపోయింది.

టీచరు మంచం పక్కన స్టూలు మీద కూర్చుంది. "నంబరు ఊరికే పోతుందని ఇచ్చాననుకుంటున్నావు. కాదు. జాబితాలో నా పేరు తప్పకూడదని ఇచ్చాను. నువ్వు కనబడకపోతే, ఆ పేరు పోతుందనే నోరు మూసుకున్నాను. నిన్న పందెం వాళ్ళకి అంతా రాసి పంపాను. నా ఫలితాలన్నీ తీసేశారు. అలా చేస్తే నీ చెయ్యి బాగవుతుందని కాదు..."

టైలరు పైకప్పు చూస్తూ వింది. కట్టులోంచి బయటికి కనబడుతున్న వేళ్ళు కదపబోయింది. బొటనవేలు కదిలింది, మిగతావి కదల్లేదు.

"ఎవరో ఏదో పేరుతో పిలుస్తున్నట్టు తెలిసిందక్కా," అంది మెల్లగా. "నన్ను కాదనుకున్నాను. పక్క మంచం వాళ్ళనేమో, పాపం పలకడం లేదే, అనుకున్నాను."

టీచరు స్టూలు దగ్గరికి జరుపుకుంది.

"ఇవాళ నీ మొహం చూడలేను. రేపూ చూడలేనేమో," అంది టైలరు. కాస్త ఆగి, "ఎల్లుండి రా," అంది.

మంచం అవతల కూర్చున్న పెద్దావిడ లేచి తలుపు తీసి పట్టుకుంది. "అది ఎల్లుండి అందంటే ఎల్లుండే. వెళ్ళి ఆ కాలు ఎవరికైనా చూపించుకో."

టీచరు గోడ పట్టుకుని వరండాలోకి నడిచింది. ఎముకల డాక్టరు గది ముందు వరుసలో పద్నాలుగు మంది ఉన్నారు. వెళ్ళి ఆఖరున నిలబడింది.