వదిలెయ్ అన్న మాట

జావెలిన్ విసిరేటప్పుడు అందరూ చేతినే చూస్తారు. నిజానికి చెయ్యి చేసే పని చివర్లో రవ్వంత. పరుగు కాళ్ళది, మలుపు నడుముది. ఎడమకాలు నేలను తన్ని నిలబడితే ఆ ఊపంతా పైకెక్కి భుజంలోకి వస్తుంది. ఆ వచ్చిన క్షణాన వేళ్ళు వదలాలి. కాస్త ముందు వదిలితే ఆకాశానికి పోతుంది, కాస్త ఆలస్యమైతే ముందే నేలలో గుచ్చుకుంటుంది. అందుకని ఇరవై ఎనిమిదేళ్ళుగా నేను జావెలిన్ గీత పక్కన నిలబడి, సరిగ్గా ఆ క్షణానికి ఒకే మాట అరుస్తూ వచ్చాను. "వదిలెయ్!"

నేను స్కూల్లో డ్రిల్లు మాస్టారిని. పిల్లలు నన్ను చాటుగా మిరపకాయ మాస్టారంటారు. ఎదురుగా అనే ధైర్యం ఇంతవరకు ఎవరికీ పుట్టలేదు. ఎండలో నిలబడీ నిలబడీ నా మాట కూడా ఎండిపోయిందని మా ఆవిడ అంటుంది. కాదనను.

నేను చెప్పబోయే పిల్ల నా కంటపడింది దాని పదమూడో ఏట. స్కూలు మేడ చూరులో బంతి ఇరుక్కుంది. మిగతా పిల్లలంతా నిచ్చెన కోసం గోల చేస్తుంటే, ఈ పిల్ల బూజుకర్ర అందుకుని నాలుగడుగులు పరిగెత్తి విసిరింది. బంతి ఊడిపడింది. కర్ర మాత్రం ఆగలేదు, మేడ దాటి వెళ్ళి హెడ్మాస్టరు గది వెనక పడింది. ఆయన ఒంటికాలి మీద లేచాడు. నేను ఆయన అరుపులు విననట్టే కర్ర పడిన చోటి నుంచి అడుగులు లెక్కపెట్టుకుంటూ వెనక్కి వచ్చాను. లెక్క తప్పానేమోనని ఇంకోసారి నడిచాను.

"రేపు పొద్దున ఆరింటికి గ్రౌండుకి రా" అన్నాను.

"శిక్షా మాస్టారూ?"

"అంతకంటే పెద్దదే."

సన్నగా, పొడుగ్గా ఉంటుందని తోటిపిల్లలు గడకర్ర అనేవాళ్ళు. నాకూ అదే అలవాటైంది. ఇంట్లో తల్లీ కూతురూ ఇద్దరే. తల్లి టైలరు. రోడ్డు మీదికి తెరుచుకునే ముందు గదే దుకాణం. రెండు మిషన్లు, ఒక పొడుగాటి కత్తిరింపు బల్ల, మేకుకి గుత్తిగా తగిలించిన కాగితం కటింగులు. పిల్లను పంపమని అడగడానికి వెళితే ఆవిడ మిషను ఆపకుండానే విన్నది.

"చెయ్యి విరగ్గొట్టుకుంటే ఎవరిది మాస్టారూ పూచీ?"

"నాది" అన్నాను. అంత సులువుగా అనేశాను.

మొదటి ఏడు ముప్ఫై ఒక్క మీటర్లు. తర్వాత ముప్ఫై ఎనిమిది. పదిహేడో ఏట నలభై ఆరు విసిరి కప్పు తెచ్చుకుంది. ఆ కప్పులో వాళ్ళమ్మ బొత్తాలు పోసి పెట్టుకుంది. "ఇంతకాలానికి ఒక పనికొచ్చే వస్తువు తెచ్చావే" అని మురిసిపోయింది. నేను ఆ పిల్లను మెచ్చుకోవడం ఎవరూ వినలేదు. తిట్టడం మాత్రం గ్రౌండు చుట్టుపక్కల అందరూ విన్నారు. మోచెయ్యి వాలిపోతోందని తిట్టేవాణ్ణి, అడుగు కుదించిందని తిట్టేవాణ్ణి. అది కిమ్మనకుండా వెళ్ళి జావెలిన్ పీక్కుని వచ్చి మళ్ళీ విసిరేది. పందొమ్మిదో ఏట యాభై నాలుగు దాటింది.

నొప్పి మొదలైంది ఆ ఏడాదే. మోచెయ్యి లోపలి వైపు చురుక్కుమంటోందని రెండు మూడుసార్లు చెప్పింది. "నొప్పిలేని చెయ్యి ఉంటే తెచ్చి చూపించు" అన్నాను. వాళ్ళమ్మ సాగే గుడ్డ రెండు పొరలు వేసి మోచేతికి తొడుగు కుట్టింది. అది వేసుకున్నాక నొప్పి మాట ఎత్తడం మానేసింది. తగ్గిందనుకున్నాను. తగ్గిందనుకోవడం నాకు కావాలి కూడా. ఇరవై ఎనిమిదేళ్ళలో నా చేతికింద పెరిగినవాళ్ళలో ఒక్కరూ దేశం జట్టులోకి వెళ్ళలేదు. నా రిటైర్మెంటు ఇంకో ఆరు నెలల్లో ఉంది.

జట్టు ఎంపిక పోటీలు పెద్ద స్టేడియంలో పెట్టారు. యాభై ఎనిమిది మీటర్లు దాటితే శిక్షణ శిబిరానికి పిలుపు. ఆరు అవకాశాలు. కోచ్‌లంతా ఇనుప కమ్మీల అవతలే ఉండాలి. మొదటి నాలుగింటిలో దాని మంచి దూరం యాభై ఆరూ పాయింటు రెండు. ఐదోది విసిరాక అది ఎడమచేత్తో కుడి మోచెయ్యి పట్టుకుని, కాసేపు అలాగే తల వంచుకుని నిలబడింది. నా దగ్గరికి వచ్చినప్పుడు పెదాలు తెల్లగా పాలిపోయాయి.

"ఎలా ఉంది?" అన్నాను.

"చెయ్యి నాది కానట్టుంది మాస్టారూ."

అక్కడే ఆపాలి. ఏ కోచ్ అయినా అక్కడే ఆపుతాడు. నేను నీళ్ళ సీసా అందించి, "ఇంకొక్కటేగా" అన్నాను.

ఆరోసారి పరుగు మొదలుపెట్టింది. పరుగు బాగుంది. ఒళ్ళు పక్కకు తిప్పి వేసే చివరి అడ్డం అడుగుల్లో మోచెయ్యి వాలింది, ముఖం మెలితిరిగింది. ఆ ముఖం నాకు స్పష్టంగా కనిపించింది. ఎడమకాలు నిలదొక్కుకునే లోపల నేను అరిచాను.

"వదిలెయ్!"

ఆ మాటకు రెండు అర్థాలున్నాయని నాకు అప్పటిదాకా తట్టనే లేదు. విసరమనీ, మానుకోమనీ. ఏ అర్థంతో అన్నానో మాత్రం నాకు తెలుసు. విసరమనే అన్నాను. ఇంకా నమ్మకం కుదరకపోతే దాని తర్వాత నేను చేసింది వినండి. ఆ పిల్ల గీత దగ్గర మోకాళ్ళ మీద కూలబడింది. నేను దాన్ని చూడలేదు. జావెలిన్‌ను చూశాను. అది ఎక్కడ దిగుతుందో, విసురు చెల్లిందనే తెల్లజెండా లేస్తుందో లేదో చూశాను. యాభై ఎనిమిదీ పాయింటు ఆరు ఒకటి. పక్కనున్న ముక్కూమొహం తెలియని మనిషిని వాటేసుకుని ఎగిరాను. ఆ మనిషే నా భుజం తట్టి, "మీ అమ్మాయి లేవడం లేదండీ" అన్నాడు.

మోచెయ్యి లోపలి లిగమెంటు పూర్తిగా తెగిందని డాక్టరు చెప్పాడు. అతికిస్తాం, అన్నం తినొచ్చు, రాసుకోవచ్చు, విసరడం మాత్రం మర్చిపొమ్మన్నాడు. ఆసుపత్రి వరండాలో తల్లి నా ఎదురుగా నిలబడింది. మెడలో టేపు అలాగే ఉంది, తీయడం మరిచిపోయి పరిగెత్తుకొచ్చింది.

"నొప్పని తెలిసీ ఎందుకు విసరనిచ్చారు మాస్టారూ?"

అప్పుడు ఆ మాట దానంతటదే నోట్లోకి వచ్చింది.

"వదిలెయ్ అన్నానమ్మా. గట్టిగానే అరిచాను. కావాలంటే అక్కడున్న ఎవర్నైనా అడుగు."

నిజమే మరి. కమ్మీల దగ్గరున్న కోచ్‌లంతా విన్నారు. క్రీడాసంఘం వాళ్ళు విచారణ పెట్టి అడిగితే అందరూ అదే చెప్పారు. ముఖం చూసి మాస్టారు వదిలెయ్యమన్నారు, పిల్ల విసిరింది అని. గుమాస్తా ఆ వాక్యం రాసి నా ముందు పెడితే సంతకం చేశాను. అందులో ఒక్క ముక్క అబద్ధం లేదు. అందుకే అంత దర్జాగా అబద్ధమాడగలిగాను. థూ, నా బతుకు.

విచారణలో ఆ పిల్లను అడిగితే, "మాస్టారి మాట వినపడింది" అని ఊరుకుంది. తను విన్నదే తప్పనుకుంటోందని నేను అనుకున్నాను. ఆ అనుమానంలో దాన్ని అలాగే ఉండనిచ్చాను. శిబిరానికి దాని తర్వాతి అమ్మాయి వెళ్ళింది.

ఇక ఆ ఇంట్లో తల్లి కూతురితో మాట్లాడటం దాదాపు మానేసింది. మాట్లాడితే సూటిపోటి మాటలే. "చెప్పిన మాట చెవిన పెడితే చెయ్యి మిగిలేది." "మాస్టారు గొంతు చించుకున్నా లెక్కలేకపోయె." నేను ఎప్పుడు వెళ్ళినా ఇవే వినపడేవి. పిల్ల మూలన స్టూలు మీద కూర్చుని ఎడమచేత్తో కాజాలు కుట్టేది. కుట్టు వంకర పోతే విప్పి మళ్ళీ కుట్టేది. రెండుసార్లు చెబుదామని వెళ్ళి, కుశలం అడిగి వచ్చేశాను. మూడోసారి గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగాను. నాకు సిగ్గు ఉంది, దాన్ని మించిన పిరికితనమూ ఉంది.

ఐదు నెలలు గడిచాయి. స్కూల్లో నాకు వీడ్కోలు సభ పెడతామన్నారు. ఆ సంగతి విని టైలరమ్మ నాకు కబురంపింది. వెళితే బల్ల మీద బూడిదరంగు కోటుగుడ్డ పరిచి ఉంది.

"నిలబడండి మాస్టారూ, కొలతలు తీసుకోవాలి. ఇది మా తరఫున."

"ఎందుకమ్మా ఇవన్నీ?"

"చేతులు చాపండి."

చాపాను. ఆవిడ టేపు భుజాల మీదుగా లాగి అంకె చెప్పింది. కూతురు మూలన కూర్చుని నోటుపుస్తకంలో ఎడమచేత్తో రాసుకుంది. తల్లి కూతురి వైపు చూడటం లేదు. గోడకు చెబుతున్నట్టు చెబుతోంది.

"భుజం పద్దెనిమిది. చేతి పొడవు ఇరవై నాలుగున్నర" అంది. తర్వాత గొంతు తగ్గించి, "ఆరోజు అంతమందిలో దాన్ని ఆపాలని చూసింది మీరొక్కరే. నేను కన్నతల్లినయ్యుండీ అక్కడ లేకపోయాను. ఈ రుణం ఎలా తీర్చుకోనని రోజూ అనుకుంటాను" అంది. ఆవిడ కళ్ళనిండా నీళ్ళు.

నాకు తల కొట్టేసినట్టయింది. ఆ కోటు నా ఒంటిమీదికి వస్తే ఇక జన్మలో విప్పలేనని అర్థమైంది.

"నేను ఆపలేదమ్మా" అన్నాను.

"ఏంటి?"

"వదిలెయ్ అన్నాను. ఆపమని కాదు. విసరమని. దాని ముఖం చూశాను, నొప్పి చూశాను, చూసి కూడా విసరమన్నాను. యాభై ఎనిమిది కావాలి నాకు. అది నా మాటే విన్నది. తప్పు దానిది కాదు, నాది. నీకు అబద్ధం చెప్పాను."

మిషను మీద ఎవరిదో ఎర్ర జాకెట్టు సగం కుట్టి ఉంది, దాన్నే చూస్తూ చెప్పాను. చెప్పడం అయిపోయాక చేతులు దించాలో వద్దో తెలియలేదు.

తల్లి టేపు వదిలేసి కూతురి వైపు తిరిగింది. పిల్ల నోటుపుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకుంది.

"నాకు తెలుసు మాస్టారూ" అంది మెల్లగా. "ఆపమనాలంటే మీరు తిడతారు. తిట్టకుండా మీరెప్పుడూ ఎవర్నీ ఆపలేదు."

"తెలిసీ ఎందుకు చెప్పలేదే మరి? విచారణలో అడిగారుగా!" అన్నాను. ఆ స్థితిలో కూడా నా గొంతు గసిరినట్టే వచ్చింది.

"మీరు చెబుతారని చూశా."

అంతే అంది. కోపంగా అంటే ఓర్చుకునేవాణ్ణి. మామూలుగా, బస్సు కోసం చూశానన్నట్టు అంది.

తల్లి వెళ్ళి దాని ఎదురుగా నేలమీద కూర్చుంది. "నాకు చెప్పొచ్చుగా. నేను కన్నదాన్నేగా. ఐదు నెలలు నిన్ను మాటలతో కోస్తుంటే..." అంది.

"నువ్వు మాస్టార్ని అడిగావు, సంఘం వాళ్ళని అడిగావు. నన్నడగలేదుగా అమ్మా."

తల్లి దాని కుడిచెయ్యి తీసుకుని, కుట్లుపడిన మచ్చ మీద తన చెంప ఆనించుకుంది. దుకాణం ముందు ఎవరో ప్యాంటు పట్టుకుని వచ్చి, లోపలికి చూసి, మాట్లాడకుండా వెళ్ళిపోయారు. వెళ్ళిపోవలసింది నేనే. అక్కడే నిలబడ్డాను.

చాలాసేపటికి ఆవిడ లేచింది. ముఖం తుడుచుకుని కిందపడ్డ టేపు తీసుకుంది. నా ముఖంలోకి చూడకుండా అంది.

"కోటు కుడతాను. ఒప్పుకున్న పని వెనక్కి తీసుకునే అలవాటు నాకు లేదు. అది వేసుకుని మీ సభలో, అందరి ముందూ, మైకులో, ఇప్పుడు నాకు చెప్పిందంతా చెప్పండి. మా పిల్ల ముందు వరసలో కూర్చుంటుంది."

"చెబుతానమ్మా."

"చేతులు చాపండి."

చాపాను. ఆవిడ ఛాతీ చుట్టూ టేపు తిప్పి, కూతురి వైపు తిరిగి కొలత చెప్పింది. "నలభై. రాసుకున్నావా అమ్మా?"

"రాసుకున్నా" అంది పిల్ల.