ఎడం చేతి వడ్డన

"ఇంటికొచ్చిన పెద్దమనిషికి ఎడం చేత్తో వడ్డించకు సుమలతా" అంది అత్తయ్య. గరిటె పప్పుగిన్నెలో వదిలేసి పక్కకి జరిగాను. నా కుడి చేతికి కట్టుంది. ఆ కట్టు లోపల చూపుడు వేలూ మధ్య వేలూ లేవు. ఆ సంగతి అత్తయ్యకి తెలియక కాదు. పొద్దున ఇదే ఎడం చేత్తో అంట్లన్నీ తోమాను, ఇల్లు తుడిచాను. అప్పుడు అది ఎడం చెయ్యని ఎవరికీ గుర్తు రాలేదు.

ఆ పెద్దమనిషి ధర్మారావుగారు. చిలకలపూడిలో మాలాంటి ఇళ్ళకి రోల్డ్ గోల్డ్ గొలుసులు పాలిష్‌కి ఇచ్చి పట్టుకెళ్తుంటారు. మా వరండాలో ఒక మోటారు, దానికో గుడ్డ చక్రం. గిర్రున తిరిగే చక్రానికి గొలుసు ఆనించి పట్టుకుంటే మెరుపొస్తుంది. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆ మోటారు ముందు కూర్చున్నది నేనే. ఎవరైనా అడిగితే మాత్రం మా ఆయన "మా ఆవిడా? ఇంట్లోనేనండీ, ఖాళీయే" అంటారు. నా ఖాళీ తగలెయ్యా! రాత్రి ముక్కు చీదితే నల్లటి దుమ్మొచ్చేది, అంత ఖాళీగా ఉన్నందుకు.

మోటారు ముందు కూర్చునేటప్పుడు గాజులు తీసి కిటికీలో పెట్టడం నా అలవాటు. గొలుసు ఎగిరి గాజుకి చుట్టుకుందంటే చెయ్యి లోపలికి పోతుంది. ఆ శుక్రవారం అత్తయ్య దేవుడి దగ్గర దీపం పెట్టి వచ్చి చూసింది. "ముత్తైదువ్వి, శుక్రవారం పూట బోసి చేతులేంటే? వాడి ఆయుష్షు నీకక్కర్లేదా?" అంది. ఆ మాటకి ఎవరు మాత్రం ఎదురు చెప్తారు? వేసుకున్నాను. అవీ రోల్డ్ గోల్డ్ గాజులే, నేను పాలిష్ పెట్టినవే. కాసేపటికి గొలుసు చక్రంలో చిక్కుకుని గాజుని లాగింది, గాజు నా చేతిని లాగింది. ఆయన ఆయుష్షు నిక్షేపంగా ఉంది.

ఆయనే పరిగెత్తుకొచ్చి స్విచ్చాపారు, అబద్ధమెందుకు. ఆటోలో నా చేతికి తువ్వాలు చుట్టి పట్టుకుని మెల్లగా చెప్పారు, ఆసుపత్రిలో అడిగితే పిండి గ్రైండరని చెప్పమని. ఇంటి మీటరు మీద మోటారు నడుపుతున్నామని బయటపడితే కరెంటోళ్ళు వచ్చి పీకేస్తారట. డాక్టరమ్మ "గ్రైండరా?" అని రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ తలూపాను. వేళ్ళు పోయినందుకు ఎంత ఏడ్చానో, అలా తలూపినందుకు అంతకంటే ఎక్కువ ఏడ్చాను. ఇన్నేళ్ళ నా పనంతా దోసెల పిండిలో కలిపేశాను.

ఇవాళ ధర్మారావుగారు అన్నం కలుపుకుంటూ, పెళ్ళిళ్ళ రోజుల్లో సరుకు ఆగిపోయిందని నసుగుతున్నారు. మా ఆయన నా వైపు చూడకుండానే ఆయనతో అన్నారు.

"మా లహరి కూర్చుంటుందిలెండి. ఎలాగూ కాలేజీకి సెలవులు. దానిదీ వాళ్ళమ్మ చెయ్యే, పని ఇట్టే పట్టేస్తుంది."

లహరి మంచినీళ్ళ గ్లాసుతో గుమ్మంలోనే నిలబడిపోయింది. ఇంటర్ చదువుతున్న పిల్ల. గ్లాసు చుట్టూ దాని వేళ్ళు చూశాను.

"మొన్న కొన్న గాజులు వేసుకుని కూర్చోవే, ఆడపిల్లవి" అంది అత్తయ్య.

గరిటె మళ్ళీ తీశాను. ఎడం చేత్తోనే ధర్మారావుగారి కంచంలో పప్పు వడ్డించాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టబోయి, నా కట్టు చూసి ఆగిపోయారు.

"ఏవండీ, రేపు కట్టు మార్పించుకోడానికి వెళ్తున్నాంగా" అన్నాను మా ఆయనతో. "డాక్టరమ్మకి గ్రైండర్ కాదని చెప్తాను. మోటారని చెప్తాను."

ఆయన ముద్ద కంచంలో వదిలేశారు. "నీకేమన్నా మతిపోయిందా? మోటారు పీకేస్తారే!"

"అందుకేనండీ చెప్పేది" అన్నాను.