ఏడో నాడి

పళ్లు తోముకుని పుక్కిలిస్తుంటే నీళ్లు నోటి ఎడమ మూలనుంచి జారి జాకెట్టు తడిపాయి. కమలకుమారి అద్దంలో చూసుకుంది. కనుబొమలు ఎత్తబోతే ఒక్కటే లేచింది. నవ్వబోతే మూతి కుడివైపుకి ఈడ్చుకుపోయింది. భయం వేసింది. ఆ భయం వెనకే, ఇది ఎక్కడిదాకా పోయిందో చూడాలన్న కుతూహలమూ కలిగింది. పదిహేనేళ్లుగా డిగ్రీ కాలేజీలో జువాలజీ చెబుతున్న మనిషి మరి.

"అదేంటమ్మాయ్, మూతి వంకర పోయిందీ? చట్నీ అయిందా?" అంది అత్తగారు సీతామహాలక్ష్మి, ఒకే ఊపిరిలో.

పంజాగుట్ట డాక్టరు పక్షవాతం కాదన్నాడు. ముఖానికి వెళ్లే నాడి వాచిందనీ, చాలామందికి కొన్ని వారాల్లో తగ్గుతుందనీ, విశ్రాంతి కావాలనీ చెప్పి మాత్రలు రాశాడు. ఇంటికొచ్చాక భర్త దుర్గేష్ చీటీ చదివి, మంచం అంచున కూర్చుని మెత్తగా అన్నాడు: "శనివారం మా మేనేజరుగారూ వాళ్లావిడా భోజనానికొస్తున్నారు కదా. వంట చేసేసి లోపలే ఉండు. అమ్మ వడ్డిస్తుంది. నీకే ఇబ్బందని."

మర్నాడు కాలేజీలో సెలవు అడిగితే ప్రిన్సిపాల్, "సిలబస్ మిగిలిపోయింది కదా మేడమ్. క్లాసులు తీసుకోండి. అడ్మిషన్ల టైము, పేరెంట్స్ వస్తుంటారు, కాస్త వెనక మెట్ల మీంచి వెళ్లండి," అన్నాడు. ఒకరికొకరు తెలియని ఇద్దరు మగవాళ్లు ఒకే మాట ఎలా అనగలిగారా అని ఆమెకు ఆశ్చర్యం వేసింది. ముఖం పనికిరాదు, పని మాత్రం కావాలి. పాఠం చెప్పే గొంతూ పులుసు పెట్టే చెయ్యీ ఏ ముఖం కిందివని వాళ్లు అనుకుంటున్నారో! ఆలోచిస్తూనే ముందు మెట్లెక్కింది.

అమీర్‌పేటంతా కంప్యూటర్ కోర్సుల బోర్డులతో నిండిపోయిన ఆ రోజుల్లో జువాలజీకి మిగిలింది తొమ్మిదిమంది అమ్మాయిలు. అందరూ తలలు దించుకున్నారు. 'ప', 'బ' పలకాలంటే పెదవి కలవక గాలి పోతోంది. ఆరోజు పాఠం కపాల నాడులు. ఏటా బోర్డు మీద గీసి, నంబర్లు వేసి, పరీక్షలో వస్తుందని చెప్పి వదిలేసేది. సుద్దముక్క తీసి, మళ్లీ పెట్టేసి, తన ముఖం చూపించింది.

"ఏడో నాడి ఇదే. దగ్గరికొచ్చి చూడండి," అంది.

ఎవరూ కదల్లేదు. చివరికి దివ్యశ్రీ అనే పిల్ల లేచింది. "నొప్పి అయితుందా మేడం?"

"లేదు. కళ్లు మూస్తాను, ఎడమ కన్ను చూడు."

"రెప్ప పడ్తలేదు. గుడ్డు మీదికి పోతుంది మేడం."

అప్పుడు అందరూ చుట్టూ మూగారు. ఒకమ్మాయి క్యాంటీన్‌కి పరుగెత్తి చక్కెర తెచ్చింది. నాలుక బయటపెట్టి కుడివైపు వేయించుకుంటే తీపి. కడిగి ఎడమవైపు వేయించుకుంటే రుచి లేని ఇసుక. పుస్తకంలో ఒక వాక్యంగా చదివినది తన నోట్లో నిజమవుతుంటే ఆమెకు ఒళ్లు జలదరించింది. పెళ్లయ్యాక తన ఒంటిని ఇంత శ్రద్ధగా ఎవరు చూశారు? తనే చూసుకోలేదు.

"మల్ల ఏడుపొస్తే ఒక్క కన్నే ఏడుస్తదా మేడం?" అంది దివ్యశ్రీ.

"తెలీదు," అంది కమలకుమారి. క్లాసులో ఆ మాట అనడం అదే మొదలు. "ఇంకా ఏడవలేదు."

శనివారం పులుసూ వేపుడూ చేసింది. అతిథులు కూర్చున్నాక సీతామహాలక్ష్మి మోకాళ్లు పట్టుకుని వడ్డించడం మొదలుపెట్టింది. కమలకుమారి చేతులు కడుక్కుని, కంచం తెచ్చుకుని, మేనేజరుగారి భార్య పక్కన కూర్చుంది. దుర్గేష్ కంచంలోకి చూశాడు.

"ముఖానికేమైందండీ?" అంది ఆవిడ.

"ఏడో నాడి వాచింది. చూడండి, అన్నం ఒక పక్కనే నములుతున్నాను," అంది. ఆవిడ వంగి నిజంగానే చూసింది, ఇంకో రెండు ప్రశ్నలు అడిగింది. సీతామహాలక్ష్మి గిన్నెతో నిలబడిపోయింది.

"అత్తయ్యా, మీరూ కూర్చోండి. ఏవండీ, పులుసు మీరు వడ్డించండి."

మేనేజరు నీళ్లు తాగాడు. కాసేపటికి దుర్గేష్ కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడైంది. అతను గరిటె ఎలా పట్టుకుంటాడో చూద్దామని కమలకుమారి అటు తిరిగి కూర్చుంది.