రెండూళ్ల కరెంటు

అమర్‌సింగ్ వైరు కొనను పళ్ల మధ్య పెట్టి లాగాడు. పైతొడుగు ఊడి రాగి పోగులు బయటికొచ్చాయి. వాటిని వేళ్లతో మెలిపెట్టి ఇన్వర్టర్ వెనక బిగించాడు. పట్టుకారు సంచిలోనే ఉంది. కానీ ఇన్నేళ్లూ ఈ పని పళ్లతోనే చేశాడు. ముందరి పన్ను ఒకటి సగానికి అరిగిపోయింది. వాడిన పనిముట్టు అరుగుతుంది, వాడనిది తుప్పు పడుతుంది, రెంటిలో అరగడమే మేలని అతని లెక్క.

కాళ్ల దగ్గర ట్రాక్టరు బ్యాటరీ ఉంది. గూడూరు అవతలి తండాలో బామ్మర్దిని బతిమాలి ఊడదీసి తెచ్చాడు. ఇన్వర్టర్ మాత్రం తను పనిచేసే ఎలక్ట్రానిక్స్ దుకాణానిది. యజమాని జగన్మోహన్ దాన్ని ఇస్తూ, "సమ్మె వడ్డది మొదలు దీనికి ఎంత గిరాకున్నదో నీకు తెల్వదా? ఇచ్చుడు ఇస్తున్న గని, ఎక్కడ పెడితివో అక్కడ్నే మర్చిపోకు" అన్నాడు. ఇచ్చేటప్పుడు గొణిగేవాడే నయం, నవ్వుతూ ఇచ్చినవాడు మరుసటి రోజే అడుగుతాడని అమర్‌సింగ్‌కు తెలుసు.

"కాకా, గిది పేలదు గదా?" అన్నాడు మంచం మీది సంతోష్.

"పేలితే నీ దోస్తు గెలుస్తడు."

"అట్లయితె తప్ప వాడు గెలువడు తియ్."

సంతోష్‌కు పందొమ్మిదేళ్లు. వీపు వెనక మూడు దిండ్లు, మోకాళ్ల మీద మడత విప్పని దుప్పటి. కండరాలు కరిగిపోయే జబ్బు కాళ్ల నుంచి మొదలై నడుముకు, నడుము నుంచి చేతులకు ఎక్కింది. ఇప్పుడు అతని చెప్పుచేతల్లో మిగిలినవి రెండు బొటనవేళ్లు, ఒక నోరు. మాట మధ్యలో ఊపిరి కోసం ఆగుతాడు. ఆగినట్టు తెలియకుండా నవ్వుతాడు.

హైదరాబాద్ దవాఖానలో అతని పక్క మంచం రాకేశ్‌ది. భూపాలపల్లి బొగ్గు కార్మికుడి కొడుకు, ఇదే జబ్బు, ఒక ఏడాది చిన్న. వార్డులో ఎవరో దానమిచ్చిన వీడియో గేమ్ పెట్టె ఉండేది. మంచం దిగలేని ఇద్దరూ టీవీ తెర మీద మోటారు సైకిళ్లు వేసుకొని కొండలూ వంతెనలూ దాటేవాళ్లు. ఇక మందులు పనిచేయవు, ఇండ్లకు తీసుకుపోండని డాక్టర్లు చెప్పాక ఒకడు మహబూబాబాద్‌కు, అంటే ఈ మానుకోటకు వచ్చాడు, ఒకడు భూపాలపల్లి పోయాడు. రెండిళ్లలోనూ అలాంటి పెట్టెలే కొన్నారు. ఇంట్లోని వైర్‌లెస్ ఇంటర్నెట్‌కు వాటిని కలిపితే, ఎవరి మంచం మీద వాళ్లుండే ఒక్క రోడ్డు మీద బండ్లు నడపొచ్చు.

కలిపారు. ఒక్కరోజు కూడా కలవలేదు. సంతోష్ పొద్దున పెట్టె తెరిస్తే రాకేశ్ ఉండడు. రాకేశ్ సాయంత్రం తెరిస్తే సంతోష్ ఉండడు. రెండిళ్లవాళ్లూ పెట్టెనే తిట్టారు. ఇక్కడ సంతోష్ తల్లి మంజుల అమర్‌సింగ్‌ను పిలిపించి మోడెమ్ మార్పించింది, బీరువా మీదికి ఎక్కించింది, దించింది. అక్కడ రాకేశ్ తండ్రి బుచ్చయ్య ఓపిక నశించి, కనిపించిన మీటలన్నీ నొక్కి పెట్టెలో ఉన్నదంతా చెరిపేశాడు.

అమర్‌సింగ్‌కు అసలు సంగతి నిన్న తట్టింది. తెలంగాణ కోసం చేస్తున్న సకల జనుల సమ్మెలో బొగ్గు గనులు ఆగాయి. బొగ్గు లేక కరెంటును ఊళ్లకు వంతులేసి ఇస్తున్నారు. మానుకోటకు పొద్దుటి పూట, భూపాలపల్లికి సాయంత్రం. ఒక ఊరి సంతకు బయల్దేరినవాడు ఇంకో ఊరి సంత రోజున చేరినట్టుంది ఆ ఇద్దరి పని. పెట్టెల్లో జబ్బు లేదు. బుచ్చయ్య గని దిగనన్నాడు, మంజుల బడికి పోనన్నది. ఇద్దరూ మనసారా సమ్మెలో ఉన్నారు. ఆ సమ్మె చీకటి ఇద్దరి పిల్లల మధ్యనే పడింది.

అందుకే ఈ బ్యాటరీ. పొద్దున్నే కరెంటున్నప్పుడు నిండితే, సాయంత్రం టీవీనీ పెట్టెనూ మోడెమ్‌నూ నడుపుతుంది. ఇక భూపాలపల్లి పోయి, బుచ్చయ్య చెరిపేసింది మళ్లీ కలిపి రావాలి. ఫోన్లో చెప్పి చూశాడు. బుచ్చయ్యకు అర్థం కాలేదు.

గుమ్మం దాకా వచ్చి మంజుల గొంతు తగ్గించింది. పెద్ద బడి టీచరు, పిల్లల్ని అదలించి అదలించి గట్టిపడ్డ గొంతు. "బస్సులు లేవు, రోడ్లు బంద్. రేపు పోరాదే అని చెప్పాల్నని ఉన్నదన్నా. చెప్పలేకపోతున్న. రాత్రి ఊపిరికి మస్తు తిప్పలవడ్డడు."

"బండి ఉన్నది గద టీచరమ్మా" అన్నాడు అమర్‌సింగ్.

వెనక్కి చూస్తే, సంతోష్ అప్పటికే తెర వైపు తిరిగాడు. అది అమర్‌సింగ్‌కు కొత్త కాదు. మానుకోటలో సగం మిద్దెలు అతను ఎక్కినవే. చేపముల్లు లాంటి యాంటెన్నాలు బిగించాడు, కేబుల్ తీగలు లాగాడు, డిష్ గొడుగులు తిప్పాడు, ఇప్పుడు కంటికి కనపడని తీగ దాకా వచ్చాడు. మిద్దె మీది నుంచి "బొమ్మ వచ్చిందా?" అని అరుస్తాడు. కింద నుంచి "వచ్చింది" అంటారు. ఆ మాటతో అతని వంతు తీరిపోతుంది. బొమ్మ వచ్చాక ఆ ఇంట్లో అతను ఎవరికీ కనిపించడు. చెప్పులు వేసుకొని వెళ్లిపోతాడు. తను కలిపిన బొమ్మను ఏ ఇంట్లోనూ నిలబడి చూసింది లేదు. పేరు కూడా చాలామందికి తెలియదు, డిష్షాయన అంటారు. పిల్లలు లేరు. ఇంట్లో భార్య తారి, వాళ్లిద్దరి లంబాడీ మాట, ఒక పాత టీవీ. "అందరికీ పెడతవు, మనదాంట్ల చుక్కలే" అని తారి ఎత్తిపొడుస్తుంది. సరుకు అమ్మేవాడు సరుకు తింటే గిట్టుబాటు కాదని నవ్వుతాడు.

గూడూరు దాటి, నర్సంపేట దాటి, ఒక క్రాస్‌రోడ్డు దగ్గర బండి ఆపాల్సి వచ్చింది. నడిరోడ్డు మీద రాళ్ల పొయ్యిలు, వాటి మీద పెద్ద గంజులు, పొగ. సమ్మెవాళ్ల వంటావార్పు. ఆడవాళ్లు ఉల్లిగడ్డ తరుగుతున్నారు, ఒకడు డప్పు కాగబెడుతున్నాడు. గులాబీ కండువా మెడలో వేసుకున్న ఒకాయన అడ్డం వచ్చాడు.

"ఏమయ్యా, ఊరంత ఈడ అన్నం దింటుంటె నువ్వు యాడికి?"

నిజం చెబితే నవ్వుతారు. వీడియో గేమ్‌కు ఇంటర్నెట్ పెట్టడానికి అంటే, రాష్ట్రం రాకముందే ఆటలకు తొందరైందా అంటారు. "దవాఖాన సామానన్నా. పిల్లగానికి పానం బాగలేదు" అన్నాడు. సంచి తడిమి చూపించబోయాడు. ఆయన చూడలేదు.

"గంత అర్జెంటయితె తిని పో. ఉపాసంతోని పోయినోడు ఏం జేస్తడు దవాఖానల?"

విస్తరిలో వేడన్నం, పప్పుచారు. నిలబడే తిన్నాడు. చెప్పింది అబద్ధమో నిజమో, తింటున్నంతసేపూ తేల్చుకోలేకపోయాడు.

భూపాలపల్లి చేరేసరికి ఎండ మెత్తబడింది. బుచ్చయ్య వాకిట్లోనే నిలబడి ఉన్నాడు. భుజాలు వెడల్పు, కనురెప్పల అంచుల్లో ఎంత కడిగినా పోని బొగ్గు నలుపు, కాటుక పెట్టుకున్నట్టు.

"నేనే ఖరాబు జేసిన్నన్నా. సొరంగంల చీకట్ల పనిజేసిన చెయ్యి, ఏది నొక్కుతున్ననో తెలువలె."

"బాపు గనిలనుకొని నొక్కిండు కాకా. బొగ్గు వడుతదేమోనని" అన్నాడు లోపలి నుంచి రాకేశ్.

కరెంటు వచ్చింది. అమర్‌సింగ్ టీవీ ముందు చాప మీద కూర్చున్నాడు. తెర మీద అక్షరాల గళ్లు. రిమోటుతో ఒక్కో గడి మీదికీ జరుపుతూ ఇంటర్నెట్ పేరు, దాని తాళం మాట కొట్టాడు. పెట్టె కాసేపు వెతికింది. తెర పైమూల సంతోష్ పేరు వచ్చింది. పేరు పక్కన పచ్చచుక్క వెలిగింది.

బుచ్చయ్య ఫోను కలిపి స్పీకర్లో పెట్టాడు.

"ఒరేయ్ బొగ్గుగా" అంది మానుకోట నుంచి సంతోష్ గొంతు.

"ఏందిరా మానుకోట మొద్దూ."

"ఇన్ని రోజులు భయపడి దాక్కున్నవారా?"

"దాక్కున్నది నువ్వురా. పొద్దుగాల లేసి ఆడేటోడు యాడనన్న ఉంటడా?"

అటునుంచి నవ్వు, నవ్వు మధ్యలో ఊపిరి. తరువాత మంజుల ఫోను తీసుకొని, మాట్లాడితే వానికి ఆయాసమైతది, ఇగ ఆడుకోండి బిడ్డా అని పెట్టేసింది.

అమర్‌సింగ్ సంచి సర్దుకున్నాడు. బొమ్మ వచ్చింది. రాకేశ్ తెర వైపే ఉన్నాడు. ఎప్పటిలా చెప్పుల దగ్గరికి పోవాలి. ఎందుకో పోలేదు. గోడకు ఆనుకొని నిలబడ్డాడు.

సముద్రం పక్కన కొండరోడ్డు. ఎర్రబండి సంతోష్‌ది, నీలంబండి రాకేశ్‌ది. ఎర్రబండి మలుపుల్లో నేలకు తాకేంత వాలి, లేచి, ముందుకు దూకుతోంది. అంత వడి గల మనిషి మూడు దిండ్ల మధ్య కూర్చున్నాడంటే ఎవరూ నమ్మరు. మంచం అంచున కాళ్లు వేలాడేసి, కుడివైపు దిండుకు ఒరిగి కూర్చున్న రాకేశ్ తిడుతున్నాడు, నవ్వుతున్నాడు, బొటనవేలు తెల్లబడేలా నొక్కుతున్నాడు. బుచ్చయ్య తెరను కాక కొడుకు మొహాన్నే చూస్తున్నాడు. అమర్‌సింగ్ తన జన్మలో మొదటిసారి ఒక బొమ్మను నిలబడి చూశాడు. ఇన్ని మిద్దెలెక్కి దింపి పెట్టింది ఇదన్నమాట అనుకున్నాడు. ఇంతకాలం చూడకుండా వెళ్లిపోవడం మంచి బేరం కాదనిపించింది.

వంతెన మధ్యలో ఎర్రబండి నెమ్మదించింది. కొంచెం దూరం దొర్లి ఆగిపోయింది.

"కరెంట్ పోయింది వానికి" అన్నాడు రాకేశ్. తన బండి తిప్పి తెచ్చి ఎర్రబండి పక్కన ఆపాడు. "వస్తదిలే. అప్పటిదాక ఆగుత."

కరెంటు పోతే పేరు పక్కన పచ్చచుక్క ఆరిపోవాలి. అది వెలుగుతోంది. బ్యాటరీ నిండుగా ఉంది, వైరు తన పళ్లతో ఒలిచి తన వేళ్లతో బిగించింది. అక్కడ ఆగిపోయింది కరెంటు కాదని ఆ గదిలో తెలిసినవాడు అమర్‌సింగ్ ఒక్కడే. ఇరవై ఏళ్లలో ఎక్కడ బొమ్మ ఆగినా తీగదే తప్పు కావాలని అతను కోరుకోలేదు. ఇప్పుడు కోరుకున్నాడు.

వంతెన మీద రెండు బండ్లు పక్కపక్కన నిలబడి ఉన్నాయి. కింద తెర సముద్రం అలలు కొడుతోంది.

చాలాసేపటికి ఎర్రబండి కదిలింది. వంతెన గోడకు గుద్దుకుంది. వెనక్కి జరిగింది, మళ్లీ గుద్దుకుంది. చివరికి వచ్చిన దారినే వెనక్కి నడవడం మొదలుపెట్టింది.

రాకేశ్ పగలబడి నవ్వాడు. "సూడు కాకా, నన్ను ఎక్కిరిస్తున్నడు. ఉల్టా పోతున్నడు." పందెం వదిలేసి నీలంబండిని తిప్పి దాని వెంట పోయాడు. తప్పుదారి అని తెర ఎర్రగా చెబుతూనే ఉంది. రెండు బండ్లూ తడబడుతూ, ఒకదాన్నొకటి తాకుతూ, కొండ దిగిపోయాయి.

వంతు ముగిసి భూపాలపల్లిలో కరెంటు పోయింది. తెర నల్లబడింది.

"రేపు ఇదే యాళ్లకు కాకా. సంతోష్‌గానికి జెప్పు, రేపు సక్కగ నడుపుమను."

అమర్‌సింగ్ వాకిట్లోకి వచ్చేసరికి ఫోను మోగింది. మంజుల. గొంతులో ఏడుపు లేదు. అంతకన్నా కింది గొంతు అది.

"అన్నా, ఆ పిల్లగానికి తెలిసిందా?"

"లేదు టీచరమ్మా." గొంతు తగ్గించి అడిగాడు. "ఎప్పుడు?"

"బండి ఆగినప్పుడే."

"మల్ల నడిచింది గద."

"నేను నడిపిన. ఆట నడుమ నాకు నిద్ర వడితే నువ్వు నడుపమ్మా, రాకేశ్‌గాడు ఒక్కడైతడు అని జెప్పి పెట్టిండు. నిద్రే అనుకొని రిమోటు తీసుకున్న. చెయ్యి ముట్టుకున్నంక తెలిసింది." ఊపిరి తీసుకుంది. "తెలిసినంక గూడ నడిపిన్నన్నా. నాకు నడుపొస్తలేదు."

బుచ్చయ్య గేటు దగ్గర నిలబడి అమర్‌సింగ్ మొహం చూశాడు. చెప్పాల్సిన పని లేకపోయింది. గనిలో కప్పు కూలే ముందు వచ్చే చిన్న చప్పుడు కనిపెట్టే మనిషి. గేటు కమ్మీ పట్టుకొని కాసేపు తల వంచుకున్నాడు.

"ఇయ్యాల జెప్పొద్దన్నా."

"రేపడిగితే?"

"మానుకోటల కరెంట్ లేదని జెప్త. సమ్మె ఉన్నన్ని రోజులు నమ్ముతడు." కొడుకున్న గది వైపు చూశాడు. "సమ్మె గెలిచి తొందరగ గని దిగాల్నని మొక్కినోణ్ణి నేను. ఇప్పుడేం మొక్కాలె?"

అమర్‌సింగ్ సంచి భుజాన వేసుకున్నాడు. బండి తీశాడు.

తెల్లారి మానుకోట ఇంటి ముందు జనం ఉన్నారు. వాకిట్లో సంతోష్‌ను పడుకోబెట్టారు. పొడుగు మనిషని అప్పుడే తెలిసింది. మంజుల తల దగ్గర కూర్చొని ఉంది. అమర్‌సింగ్‌ను చూసి తల ఊపింది. అతనికి ఏడవడం చేతకాలేదు. పని మనిషికి పని చూపిస్తే తప్ప నిలబడలేడు. వైర్లు విప్పుదామని లోపలికి పోయాడు.

గదిలో మంచం పరుపు తీసేశారు. మంచం పక్కన ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ ఒకటి అడ్డంగా ఉంది. జరపబోయాడు.

"అది ముట్టకు సింగన్నా" అంది గడపలో ఉన్న పక్కింటి దుర్గమ్మ. "నువ్వు పోయినంక పోరడు నాతోని ఏపిచ్చుకున్నడు. మాపటికి నా దోస్తు వస్తున్నడు పెద్దమ్మా, యాడ కూసుంటడు అన్నడు."

కుర్చీ టీవీ వైపు తిరిగి ఉంది. కుడివైపు ఒరిగి తప్ప కూర్చోలేని మనిషి కోసం దాని కుడి చేతికి ఆనించి ఒక దిండు, వేలాడే కాళ్ల కిందికి ఒక చిన్న చెక్కపీట.