పెట్టెలో వాన

అక్షరాలు నేను యాభై ఎనిమిదో ఏట నేర్చుకున్నాను. ఒత్తులు తప్పుతాయి. ఈ కాగితానికి మూడు రోజులు పట్టింది. మన్నించండి. ‘నేను’ అని మొదలుపెడితే చెయ్యి సాగలేదు. అందుకే ‘ఆమె’ అని రాశాను.

వాన.

కిటికీ నిండా ఎండ — ఉయ్యాల పక్కన వాన.

నిమ్మకాయంత పెట్టెలోంచి కురుస్తుంది. తడి లేదు. మట్టి వాసన లేదు. చప్పుడొక్కటే. పెట్టె మీద కూతురు నివేదిత తెలుగు చీటీలు అంటించింది. ఈ మీట వాన, ఇది అల, ఇది గాలి.

పొదిలిలో వాన కోసం ఆకాశం చూసీ చూసీ ఆమెకు మెడ పట్టేసేది. ఇక్కడ, ఈ అరవ ఊళ్లో, తొమ్మిదో అంతస్తులో, వేలు పెడితే వాన.

అయినా పాప నిద్రపోదు.

నాలుగు నెలల అనఘ. ఇరవై నిమిషాలు కళ్లు మూస్తుంది — ఉలిక్కిపడుతుంది — గుక్క పట్టి ఏడుస్తుంది. మళ్లీ వాన. అల. గాలి. ఆమె భుజం, ఆమె జోల... గొంతు అరిగిపోయింది.

అల్లుడు శంకర్ ఉద్యోగం పని మీద పుణెలో ఉన్నాడు. నివేదిత రాత్రంతా మేలుకుని పొద్దున బండి మీద ఆఫీసుకు పోతుంది. మొన్న సిగ్నల్ దగ్గర, బండి మీదే, కన్ను మూతపడిందట. వెనక బస్సువాడు హారన్ కొట్టకపోతే...

నివేదిత ఆ మాట నవ్వుతూ చెప్పింది. ఆమె కంచం పక్కకు జరిపింది.

పాప నిద్ర కోసమే పిల్లల డాక్టరు. మూడు వారాలు కాచుకుంటే దొరికిన బుధవారం.

మంగళవారం పదకొండింటికి ఫోను మోగింది. డాక్టరు దగ్గరి నర్సు. అంతా అరవం. గొంతు మాత్రం మెత్తన.

“పాప్పాకు తూక్కం ఎప్పిడిమ్మా? పరవాయిల్లియా?”

తూకం.

అంత అరవంలో తెలిసిన మాట ఒకటి దొరికేసరికి ప్రాణం లేచొచ్చింది. మూడు కిలోల పిల్ల ఆరు కిలోలైంది — ఈ చేతుల మీదే.

“బాగుందమ్మా. రొంబ బాగుంది. దిష్టి తగిలేంత.”

నర్సు సంతోషించింది. అయితే రేపు రావద్దనీ, ఆ వేళ ఇంకో బిడ్డకు ఇస్తామనీ అంది. ‘వేండాం’ అంటే వద్దని ఆమెకు తెలుసు; మిగతాది పోల్చుకుంది. తూకం బాగుంటే నిద్ర అదే వస్తుంది కాబోలు, డాక్టర్లకు తెలియదా, అనుకుంది.

సాయంత్రం నివేదిత చెప్పులు విడుస్తూ విన్నది. ఒక చెప్పు చేతిలోనే ఉండిపోయింది.

“అమా... తూక్కమంటే నిద్రమా.”

ఒక్క ఒత్తు.

నివేదిత ఫోను చేసింది. బతిమాలింది. ఇంకా పంతొమ్మిది రోజులదాకా ఖాళీ లేదన్నారు.

తిట్టలేదు. తిడితే బాగుండేది. గోడకు చేరగిలబడి, “నువ్వు చెప్పిందీ నిజమేలే, తూకం బాగానే ఉంది” అని నవ్వింది. ఆ నవ్వు మధ్యలోనే తల వాలిపోయింది. కాలికి రెండో చెప్పు అలాగే ఉంది.

అప్పుడే పాప లేచింది.

ఆమె ఎత్తుకుంది. మీట నొక్కింది. చప్పుడు పెంచితే పాప చెవులకు భయం. పెంచకపోతే ఏడుపుకు కూతురు లేస్తుందని భయం.

రేపు మళ్లీ బండి. మళ్లీ ఆ సిగ్నల్.

వాన కురుస్తోంది... కురుస్తూనే ఉంది...

మోచేతి మీద ఆరు కిలోలు. రెండు కళ్లూ విప్పారి ఆమెనే చూస్తున్నాయి.

గోవిందమ్మ
అరవై రెండేళ్లు
ఇప్పుడు ఉండేది షోళింగనల్లూరులో, కూతురి దగ్గర