అమ్మ యాస

ఏప్రిల్. ఏథెన్స్‌లో మా కిప్సెలి పేట వీధుల్లో చేదు నారింజ పూసింది — ఆ వాసన మెట్లెక్కి మూడో అంతస్తు దాకా వస్తోంది.

అమ్మ తలుపు ముందు నేను. చేతిలో తాళంచెవి.

లోపల నవ్వులు...

అమ్మ నవ్వు. ఇంకొకామె నవ్వు.

"అలా కాదే తల్లీ! మాట నోట్లో నానాలి. నెమ్మదిగా దొర్లించు. ఆఁ... అదీ! ఇప్పుడు అచ్చం మా ఊరి పిల్లవి!"

తాళంచెవి కన్నంలో పెట్టలేదు.

ఆ అల్బేనియా యాసని నా నోట్లోంచి ఊడబెరికింది ఈ అమ్మే. అల్బేనియా కొండలు దాటి ఏథెన్స్ వచ్చేనాటికి నేను చిన్నపిల్లని. బస్సులో నోరు విప్పితే తొడ మీద గిల్లేది. "గ్రీకు వాళ్ళలా మాట్లాడు. లేదంటే నోరు మూసుకో." నా పేరు ద్రిత. చర్చిలో నీళ్ళలో ముంచి తీసేసరికి ఫొతినిని అయిపోయాను. అమ్మ ఊళ్ళోవాళ్ళ మెట్లు కడిగింది. నా నాలుకా కడిగింది.

అంత శుభ్రంగా కడిగింది — ఎవరూ కనిపెట్టలేదు.

నేను నటినయ్యాక, దర్శకుడు స్త్రాతోస్ కూడా.

ఆయన తీస్తున్నది నవ్వుల సినిమా. డబ్బున్నవాళ్ళుండే కొలొనాకి పేటలో ఒక దొరసాని, ఆమె ఇంట్లో అల్బేనియా పనిమనిషి — ఇద్దరూ పేర్లు మార్చుకుంటారు, బతుకులు మార్చుకుంటారు. "మన సినిమాల్లో కనపడని మనుషులు ఇందులో కనపడతారు" అని పత్రికల వాళ్ళకి చెప్పాడు. ఆ పనిమనిషి వేషం కోసం వెళ్ళాను. అంతగా దేన్నీ కోరుకోలేదు నేను.

"బాగా చేశావ్ ఫొతినీ. ఆ యాస ఒక్కటే అతకలేదమ్మా. అల్బేనియా వాళ్ళు అలా మాట్లాడరు."



దొరసాని స్నేహితురాలి వేషం ఇచ్చాడు. అచ్చమైన గ్రీకు ఆడది.

పనిమనిషి వేషం మిర్సినికి. తాతలనాటి ఏథెన్స్ కుటుంబం. వాళ్ళ బిల్డింగ్ మెట్లు కడిగేది మా అమ్మే. మీలా మాట్లాడడం నేర్పరా అని అడిగిందట — అమ్మ పొంగిపోయింది. "నీ సంగతి ఎత్తలేదులే" అంది నాతో. "నీ బతుకు నేను పాడుచేస్తానా?"

ఇక ప్రతి ఆదివారం మిర్సిని. ఆమెకి ఉల్లికాడలు కూరి కాల్చే మా ఊరి బురెక్, వేడివేడిగా. నేను బడికి పట్టుకెళ్తానంటే, వాసనకే మనమెవరో పోల్చేస్తారని అమ్మ డబ్బాలోంచి తీసేసిన బురెక్. ఈ మధ్య మా అమ్మని 'అమ్మా' అనే పిలుస్తోంది కూడా.

అసూయే ఇది. ఇంకో పేరు పెట్టను.

వేషం పోతే పోయింది... ఆ నవ్వు నాది. ఆ 'తల్లీ' నాది. గిల్లుళ్ళన్నీ నాకు, పాఠాలన్నీ ఆమెకా?

తాళంచెవి జేబులో వేసుకుని దిగిపోయాను.

షూటింగులో మిర్సిని నోరు విప్పితే చాలు, కెమెరా వెనక అందరూ పడీపడీ నవ్వారు. దొరసాని స్నేహితురాలూ నవ్వాలి. స్క్రిప్టులో అలాగే ఉంది.

నవ్వాను.

ఇంటికొచ్చి అద్దం ముందు నిలబడ్డాను. ఆ రోజూ, ఆ మర్నాడూ, ఆ తర్వాతా... మాట నోట్లో నానాలి. నెమ్మదిగా దొర్లాలి. పోయిన మాటలు ఒక్కొక్కటే తిరిగొచ్చాయి — జంకుతూ, అలిగిన పిల్లల్లా.

వీధిలో నారింజ పూలు రాలిపోయాయి. పచ్చి కాయలు పడ్డాయి.

ఒక ఆదివారం అమ్మ బిల్డింగ్ కింద ఆగాను. తాళంచెవి తియ్యలేదు. బెల్ నొక్కాను. గోడలోని మైకు గరగరమంది.

"ఎవరూ?"

"నేనే అమ్మా. తలుపు తియ్యి."

గ్రీకులోనే — కానీ అమ్మ యాసలో. ఇన్నేళ్ళకి.



"మిర్సినీ! రా తల్లీ, రా! నీ కోసమే చేశాను, చల్లారిపోతోంది!"

ఎంత సంతోషమో ఆ గొంతులో.

గడియ టక్కుమని ఊడింది.

"వస్తున్నానమ్మా" అన్నాను.

అదే యాసలో... పేరు సరిదిద్దకుండా.