గ్లెనిస్ కుడి మణికట్టు

గ్లెనిస్ బరిడ్జ్ కారు చుట్టూ తిరిగి చూడలేదు. తలుపు తెరిచి నేరుగా కూర్చుంది. సీటు ముందుకు జరుపుకుని, ఒక మెట్టు పైకి లేపుకుని, రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టి కళ్లు మూసుకుంది. లాన్సెస్టన్‌లో ఆ షోరూము తెరిచి అప్పటికి పది నిమిషాలు కూడా కాలేదు.

"ఇంకా స్టార్టు చెయ్యలేదండీ," అన్నాడు పైబస్ కిటికీ దగ్గర వంగి.

"తెలుసు బాబూ. ముందు పలకరించనీ."

పైబస్ పద్నాలుగేళ్లు ట్రాక్టర్లు అమ్మాడు. కార్ల షోరూములో చేరి నాలుగు నెలలైంది. ట్రాక్టరు కొనే రైతు చక్రాన్ని ఒక తన్ను తన్ని డీజిలు ఎంత తాగుతుందని అడుగుతాడు, అంతే. కళ్లు మూసుకుని కూర్చున్న మనిషితో ఏం మాట్లాడాలో అతనికి తెలియలేదు.

గ్లెనిస్‌కి యాభై తొమ్మిదేళ్లు. ఇరవై రెండేళ్లు తారురోడ్డు ర్యాలీల్లో కారు నడిపింది. పోయిన జూలైలో ఒక పొట్టేలు ఆమె కుడిచేతిని గేటుకేసి నొక్కింది. మణికట్టులో ఇప్పుడు రెండు మరమేకులున్నాయి. ఎముక అతుక్కుందనీ కప్పు ఎత్తగలిగితే చాలనీ డాక్టరు చెప్పాడు. గ్లెనిస్‌కి కావలసింది కప్పు ఎత్తడం కాదు. ఎడమచెయ్యి గేర్ల కోసం పోయి వస్తుంటుంది. స్టీరింగు మీద ఎప్పుడూ ఉండేది కుడిచెయ్యే. ముందు చక్రాల కింద రోడ్డు ఏమంటోందో ఆమెకు ఇన్నేళ్లూ ఆ చెయ్యే చెప్పింది. ఇప్పుడూ చెబుతుందో లేదో తెలుసుకోవడానికి దారి లేకపోయింది. పాత కారు నేల తుప్పుపట్టి ఊడింది. ఇక మిగిలింది ఊళ్లకు టపా పంచడానికి ఆమె రోజూ నడిపే వ్యాను. దాని స్టీరింగుకీ చక్రాలకీ మధ్య సంగతులు కూడా టపాలోనే నడుస్తాయి.

ఏప్రిల్ ర్యాలీకి పేర్లు ఇవ్వడానికి ఆ సాయంత్రం ఐదు గంటలు గడువు. చెయ్యి రోడ్డును చదివితే ఈ కారు కొని పేరు ఇస్తుంది. చదవకపోతే కారూ వద్దు, ర్యాలీ వద్దు. ఈ మాట ఆమె ఒక్కరికే చెప్పింది, అన్న భార్య నోలాకి.

ఆ ఇరవై రెండేళ్లూ ఎడమసీట్లో కూర్చుని దారి మలుపుల నోట్సు చదివింది నోలాయే. అరవై ఆరేళ్ల మనిషి. పాత నోట్సు పుస్తకం, పెన్సిలు పట్టుకుని వచ్చింది. ఈ పొద్దున ఎక్కబోయే సైడ్లింగ్ కొండ నోట్సు ఆవిడ రాసి పద్దెనిమిదేళ్లయింది. మార్చావా అని గ్లెనిస్ అడిగితే, రోడ్డేమీ లేచి వేరే ఊరు పోలేదుగా అంది.

షోరూము నియమం ప్రకారం పైబస్ కూడా రావాలి. వెనకసీట్లో మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని కూర్చున్నాడు.

ఊరు దాటేదాకా గ్లెనిస్ ఏమీ తేల్చలేదు. క్లచ్చి తేలిగ్గా ఉంది. గేరు కర్ర దూరం పోకుండా పడుతోంది. బ్రేకు మొదటి అంగుళంలోనే పట్టుకుంటోంది. ఇంజను గొంతు పెంచితే ఛాతీకి తగిలింది. నచ్చిందాండీ అని పైబస్ ముందుకు వంగి అడిగాడు. ఆ చప్పుడులో సగం స్పీకర్లలోంచి వస్తోందని చెప్పి నోలా ఒక మీట నొక్కింది. చప్పుడు సగమైంది. పైబస్ వెనక్కి ఆనుకున్నాడు.

నునమారా దాటాక రోడ్డు ఏటి పక్కన నడిచి, తర్వాత కొండ ఎక్కుతుంది. నోలా పుస్తకం తెరిచింది. నోట్సులో మలుపుకో అంకె ఉంటుంది. ఆరంటే దాదాపు తిన్నగా ఉన్నట్టు. ఒకటంటే వెనక్కి తిరిగినట్టు. అంకెల మధ్య చెప్పేది మలుపుకీ మలుపుకీ మధ్య దూరం, మీటర్లలో.

"కుడి నాలుగు. నలభై. ఎడమ మూడు, బిగుస్తుంది. ముప్పై. కుడి రెండు, లోపలి అంచు తొక్కకు."

పందెం రోజున రోడ్డు మూస్తారు. మిగతా రోజుల్లో అది దుంగల లారీలదీ, స్కూలు బస్సులదీ. గ్లెనిస్ రోడ్డు పక్క పలక మీద రాసిన వేగం దాటలేదు. ఇలాంటి కారును చూడటానికి వేగం అక్కర్లేదు, మలుపులు చాలు.

మూడో మలుపులో కారు ముందుభాగం ఎగిరింది. తారు అతుకు ఒకటి వచ్చింది, నాలుగు చక్రాలూ దాని మీద గెంతాయి. ఐదో మలుపులో ముక్కు బయటికి జారబోయింది. గ్లెనిస్ వేగం తగ్గించింది. చేతికి ఏమీ అందలేదు. అతుకు తగిలినప్పుడు దెబ్బ తెలిసింది గాని, చక్రం నేలను పట్టుకుందో వదిలిందో తెలియలేదు. పట్టు సడలించి చూసింది. బిగించి చూసింది. తొమ్మిదో మలుపు దగ్గర రేడియో ఆపమంది. రేడియో వెయ్యలేదని నోలా చెప్పింది.

పన్నెండో మలుపులో పైబస్ కిటికీ దించమని అడిగాడు. అతని మొహం రంగు మారింది. కొండ దిగి స్కాట్స్‌డేల్ చేరేదాకా ముగ్గురిలో నోలా ఒక్కతే మాట్లాడింది, అదీ అంకెలే.

బేకరీ ముందు కారు ఆపాక పైబస్ గాలి పీల్చుకోవడానికి దిగి చెట్టు పక్కన నిలబడ్డాడు. గ్లెనిస్ ఇంజను ఆపింది. చేతులు స్టీరింగు మీదే ఉన్నాయి.

"హెడ్లీకి ఫోను చేసి మన పేర్లు లేవని చెప్పెయ్ వదినా."

హెడ్లీ ర్యాలీ క్లబ్బు సెక్రటరీ. నోలా ఫోను తియ్యలేదు. లోపలికి వెళ్లి గుల్లమాంసం కూరిన స్కాలప్ పై రొట్టెలు మూడు తెచ్చింది. పైబస్ తన రొట్టె వంక చూసి మళ్లీ చెట్టు వంక తిరిగాడు. అతని వాటా కూడా నోలా తన ఒళ్లోనే పెట్టుకుంది.

గ్లెనిస్ తినకుండానే చెప్పింది. చెయ్యి మొద్దుబారిందనీ, గ్లవ్సు మీద గ్లవ్సు వేసుకుని నడిపినట్టుందనీ, డాక్టరు కప్పు గురించి చెప్పినప్పుడే అర్థం చేసుకోవలసిందనీ చెప్పింది. ఇంత మంచి కారును తన చేతికిచ్చి పాడుచెయ్యడం దండగ అంది. ఏడుపు లేదు. టపా వివరాలు చెప్పినట్టు చెప్పింది.

నోలా వేళ్లు తుడుచుకుని పుస్తకం తెరిచి ఆమె మోకాలి మీద పెట్టింది. ప్రతి మలుపు దాటగానే దాని పక్కన పెన్సిలుతో గీత పెట్టడం ఆవిడ అలవాటు. పద్దెనిమిదేళ్ల నాటి గీతలు ఒకదాని కింద ఒకటి నిలబడి ఉన్నాయి. అవి పందెం వేగంలో పెట్టినవి. ఈ పొద్దున పెట్టినవి పేజీ అంతా చెదిరిపోయాయి. ఒకటి కాగితాన్ని చింపింది.

"నీ చెయ్యి పోయిందంటే ఒప్పుకుంటాను," అంది నోలా. "నా చెయ్యికేమైందే? నన్ను ఏ పొట్టేలూ పొడవలేదే."

గ్లెనిస్ గీతల వంక చూసింది. పేజీ తిప్పింది. మళ్లీ వెనక్కి తిప్పింది.

"అయితే కారుకేనంటావా?"

"నాకేం తెలుసు, నేను అంకెలు చదివేదాన్ని. మీ అన్న ఇక్కడుంటే ముందు ఏం చూసేవాడు?"

గ్లెనిస్ అన్న క్లారీ ఆ ఇరవై రెండేళ్లూ వాళ్ల మెకానిక్కు. ఆ ఉదయం బౌల్స్ అనే బంతులాట పోటీలో ఉన్నాడు. ఫోను ఇంట్లో వదిలి వెళ్తాడు. క్లారీ పెట్టిన నియమం ఒకటుంది, టైర్ల జోలికి డ్రైవరు రాకూడదు. డ్రైవరు గాలి చూసుకోవడం మొదలుపెడితే మెకానిక్కు మీద నమ్మకం పోయినట్టేనని అతని లెక్క. ఒకసారి గ్లెనిస్ టైరు మీద కాలు పెట్టి బూటు తాడు కట్టుకుంటే రెండు రోజులు మాట్లాడలేదు. అందుకని ఇరవై రెండేళ్లలో ఆమె టైరు గాలి చూసింది లేదు. ఈ పొద్దునా చూడలేదు. చూడాలని కూడా తోచలేదు. టపా వ్యానుకీ క్లారీయే చూస్తాడు.

"టైర్లు," అంది గ్లెనిస్.

పెట్రోలు బంకు వీధి చివర ఉంది. గ్లెనిస్ అలవాటు కొద్దీ కారుకు రెండడుగుల దూరంలో నిలబడింది. నోలా మోకాళ్ల మీద కూర్చుని గాలి కొలిచే గొట్టం తగిలించింది. ముల్లు యాభై దగ్గర ఆగింది. రెండో చక్రం యాభై ఒకటి. మూడోది యాభై. నాలుగోది చూడకుండానే గ్లెనిస్ డ్రైవరు తలుపు తెరిచి దాని పక్క రేకు మీద అతికించిన కాగితం చదివింది. చల్లటి టైరుకు ముప్పై ఐదు అని ఉంది.

పైబస్ వచ్చి ముల్లు చూశాడు. రెండోసారి వంగి చూశాడు. తర్వాత టోపీ తీశాడు.

ఓడలో వచ్చే కార్లకు టైర్లలో గాలి ఎక్కువ కొట్టి పంపుతారని అతనే చెప్పాడు. నెలల తరబడి ఒకేచోట నిలబడితే టైరు ఒకవైపు చదునైపోతుంది కాబట్టి అలా చేస్తారు. షోరూముకి రాగానే వర్క్‌షాపులో తగ్గించాలి. తగ్గించినట్టు కాగితం మీద టిక్కు ఉంది, తనే చూశాడు. గాలి తగ్గితే డ్యాష్‌బోర్డులో దీపం వెలుగుతుంది గాని, ఎక్కువైతే వెలగదు.

"ట్రాక్టర్లకైతే నేనే దగ్గరుండి తగ్గించేవాణ్నండీ," అన్నాడు. "ఇక్కడ కోటు వేసుకున్నవాళ్లు టైర్లు ముట్టుకోకూడదన్నారు."

"మా ఇంట్లోనూ అదే గోల నాయనా," అంది నోలా. "కోటు విప్పి ఇటు రా."

టైర్లు వేడెక్కి లోపలి గాలి ఉబ్బి ఉంది కాబట్టి ముప్పై ఎనిమిదికి తగ్గించారు. ఒక చక్రానికి నోలా, మూడింటికి పైబస్. లేచేసరికి అతని ప్యాంటు మోకాళ్లు నల్లగా ఉన్నాయి. ఆకలేస్తోందన్నాడు. నోలా అతని రొట్టె ఇచ్చేసింది.

గ్లెనిస్ కారును వచ్చిన దారినే వెనక్కి తిప్పింది, నోలా పుస్తకంలో తిరుగుదారి పేజీ తీసింది. కారు కుదురుకున్న మాట నిజమే. గెంతడం లేదు. కాని కారు బాగుపడినంత మాత్రాన చెయ్యి బాగున్నట్టు కాదని ఆమెకు తెలుసు. కొండ మొదలయ్యే చోట వేళ్లు సడలించి, స్టీరింగును అరచేతి మొదట్లో ఆనించుకుంది.

"ఎడమ నాలుగు. యాభై. కుడి మూడు."

ఎడమ నాలుగులో తారు అతుకు వచ్చింది. ఈసారి కారు దాన్ని మింగింది. అతుకు అవతల గరుకు రోడ్డు మొదలైనట్టు చేతికి సన్నగా అందింది. బొటనవేలి కిందనా, మరమేకుల చోటా అని ఆమె ఆలోచించింది. తేల్చుకోలేదు. కుడి మూడులో యాక్సిలరేటరు మీద పాదం కొంచెం తేల్చింది. కారు వెనకభాగం ఒక బెత్తెడు బయటికి కదిలి, ముక్కు మలుపులోకి తిరిగింది. స్టీరింగు తిప్పనే లేదు. ఈ జాతి కార్లను చిన్నగా చేసి పెద్ద ఇంజను పెట్టేది ఆ బెత్తెడు కోసమే. గ్లెనిస్ నోట్లోంచి ఒక చప్పుడు వచ్చింది. నోలా చూడలేదు, తర్వాతి అంకె చదివింది.

"ఇరవై. ఎడమ మూడు, పొడుగు."

ఎడమ మూడు ఫెర్ను చెట్ల నీడలోకి పోతుంది. గ్లెనిస్ మలుపులోకి దిగి, సగం దాకా వెళ్లకముందే పాదం వెనక్కి తీసింది. ఎందుకు తీసిందో ఆమెకు అప్పటికి తెలియదు. స్టీరింగు చేతిలో కాగితమంత తేలికైంది, అంతే. ఆ తర్వాత కనిపించింది, గట్టు రాళ్లలోంచి ఊట కారి రోడ్డు మీద రెండు గజాల మేర తడి. ముందు చక్రాలు అప్పటికే దాని అంచున ఉన్నాయి. కారు దాని మీదుగా నిదానంగా వెళ్లింది.

"నోట్సులో తడి లేదే," అంది నోలా.

"లేదు."

"నీకు ముందే కనిపించిందా?"

"కనిపించలేదు వదినా. చెయ్యి చెప్పింది."

నోలా ఆ మలుపు పక్కన ఊట అని రాసింది. అక్షరాలు గీత తప్పలేదు. పుస్తకాన్ని పక్కకి వంచి గ్లెనిస్‌కి కనపడేలా పట్టుకుంది. రోడ్డు చూడనీ అని గ్లెనిస్ కసిరింది. ఇద్దరూ నవ్వడం మొదలుపెట్టారు. ఆ తర్వాత నాలుగు మలుపుల అంకెలు నవ్వులోనే వచ్చాయి, అయినా ఒక్కటీ తప్పు రాలేదు. వెనక పైబస్ రొట్టె తింటూనే ఉన్నాడు.

కొండ మీద కింద లోయంతా కనిపించే చోట బండ్లు ఆపుకునే జాగా ఉంది. ఆ రోడ్డు మీద ఫోను అందేది అక్కడే. గ్లెనిస్ కారు ఆపింది. నోలా నెంబరు నొక్కింది.

"రాసుకో హెడ్లీ. నోట్సు చదివేది నోలా టాట్నెల్. డ్రైవరా? ఉండు." ఫోను చాచింది. "నీ పేరు నువ్వే చెప్పుకో."

గ్లెనిస్ చెప్పింది. మణికట్టు ఎలా ఉందని అవతల హెడ్లీ అడిగాడు. నీకంటే ముందు లేస్తోంది అంది. కారు ఏదని అడిగాడు. ఆమె అద్దంలో పైబస్ వంక చూసింది.

"సోమవారానికి కాగితాలు సిద్ధం చేస్తానండీ," అన్నాడు పైబస్. "నాలుగు చక్రాలూ నేనే చూసి ఇస్తాను."

"మా అన్న చూస్తాడు. నువ్వు ముట్టుకున్నావని తెలిస్తే నీతోనూ మాట్లాడడు."

పైబస్ నవ్వి, తర్వాత గొంతు సవరించుకున్నాడు. నాలుగు నెలలుగా ఈ కారు గురించి అందరికీ చెబుతున్నాననీ, షోరూము వాకిట్లో ముందుకీ వెనక్కీ జరపడం తప్ప నడపలేదనీ చెప్పాడు. గ్లెనిస్ ఇంజను ఆపకుండా దిగింది. వెనకసీట్లోకి దూరి మోకాళ్లు గడ్డానికి ఆనించుకుంది. అతను ముందుకొచ్చి కూర్చుని, సీటు వెనక్కి జరిపి, రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టాడు.

నోలా పేజీ తిప్పి వేలు పెట్టింది.

"కుడి రెండు నాయనా. రెండంటే రెండే. ఇది పొలం కాదు, అవతల లోయ ఉంది."

"అలాగేనండీ."

"నలభై. ఎడమ నాలుగు. ఇప్పుడు నొక్కు, భయపడకు."

అతను నొక్కాడు. వెనకసీట్లో గ్లెనిస్ వీపు సీటుకి అతుక్కుంది. ఇంకొంచెం అంది.